ఆఖరి గడియకని దాచుకున్న మాట

సిగ్గుందట్రా నీకు? నీ నోటి దురుసుకి తోడబుట్టినది అన్నం మానేసి ఏడుస్తుంటే, తప్పు నాదేనని చెప్పడానికి "టైమొచ్చినప్పుడు చెప్తాలే తాతా" అంటావా? టైము నీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నావా? కూర్చో. ఆ ఫోను పక్కన పడెయ్. మా మేనత్త మొగుడు ఒకాయన ఉండేవాడు, దర్జీ మామ అనేవాళ్లం. ఇంటి ముందు గదే కొట్టు. రెండు మిషన్లు, ఒకటి మామది, ఒకటి ఆయన తమ్ముడిది. తమ్ముడు కాజా కుడితే లోపలేదో బయటేదో తెలిసేది కాదు. మామ కుడితే... సరేలే, పోయినవాళ్ల పనిని వంక పెట్టకూడదు. ఆ ఏడు ఫాదరుగారు పూజ వస్త్రాలకని మంచి తెల్ల పట్టు తెచ్చిచ్చారు, గుడివాళ్లంతా తలా కాస్త వేసుకుని కొన్నది. మామ దాని మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టి, వీధిలో ఎవడో పిలిస్తే కబుర్లకి పోయాడు. వచ్చేసరికి అరచేతి మేర కాలింది. ఏం చేశాడనుకున్నావ్? మొత్తం చుట్టి పొయ్యిలో పెట్టాడు. ఫాదరుగారి దగ్గరికెళ్లి తలొంచుకుని, "చెప్పుకుంటే సిగ్గుచేటు ఫాదర్, మా తమ్ముడే ఎక్కడో అమ్మేసుకున్నాడు" అన్నాడు. అంతే. గుడి సొమ్ము దొంగ అన్నారు. కుదిరిన సంబంధం తప్పిపోయింది. పూజలో వాడు కూర్చున్న బల్ల మీద ఇంకొకడు కూర్చునేవాడు కాదు. చివరికి ఊరొదిలి పోయాడు.

మా అత్తకి తెలుసురా. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసనొస్తుంది, వంటింటి ఆడదానికి అది తెలియకుండా పోతుందా? "పోయి ఫాదరు చెవిలో తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చెయ్యండీ, మీకు దండం పెడతా" అనేది. మామ ఏమనేవాడో తెలుసా? "పిచ్చిదానా, ఇప్పుడు చెబితే ఫాదరు ఊరుకుంటాడా? ముందు పోయి నలుగురిలో నీ తమ్ముడి పేరు నిలబెట్టు అంటాడు. అదే ప్రాణం పోయేముందు చెప్పాననుకో, మంచాన పడ్డవాణ్ణి ఎక్కడికి పొమ్మంటాడు?" అని నవ్వేవాడట. ఇంకోమాట అంటే గజంబద్ద ఎత్తేవాడు. దేవుడితో కూడా కొలత వేసి, గుడ్డ మిగుల్చుకోవాలని చూశాడన్నమాట. చూడు మరి ఆయన ఏర్పాట్లు! మంచం పక్కన చిన్న బల్ల, దాని మీద తెల్లగుడ్డ, సిలువ, రెండు కొవ్వొత్తులు, సీసాలో తీర్థం. శనివారం శనివారం గుడ్డ మార్చేవాడు. చావు దగ్గరపడితే నూనె రాసే అవస్థ అభ్యంగనానికి ఫాదరుని పిలవడానికి సైకిలు మీద ఎవరు పోవాలో కూడా చెప్పి ఉంచాడు. చూసినవాళ్లంతా, "ప్రభువు ఎప్పుడు పిలిచినా సిద్ధమే, మనిషంటే ఆయన" అనేవాళ్లు. బల్ల సిద్ధం రా! మనిషి కాదు.

ఏంటీ? చివరికి చెప్పాడా అనా? ఆఁ, అక్కడికే వస్తున్నా. ఒకరోజు పొద్దున సూదిలో దారం ఎక్కిస్తూ మిషను మీదికి ఒరిగిపోయాడు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. సైకిలు పరిగెత్తింది, ఫాదరు వచ్చారు, కొవ్వొత్తులు వెలిగాయి. అన్నీ ఆయన అనుకున్నట్టే జరిగాయి. ఫాదరు చెవి దగ్గర పెట్టి "చెప్పు నాయనా" అంటే, "బా... బా..." అంటాడు. ఆయన నూనె రాసి, ప్రార్థన చేసి వెళ్లారు. దేవుడి దగ్గర ఆయన లెక్క ఏమైందో నేను చెప్పేవాణ్ణి కాదు. అత్త మాత్రం ఆ ఆదివారమే గుడి ముందు నిలబడి ఉన్నదంతా చెప్పేసింది. నమ్మారా? "మొగుడు పడిపోగానే ఈవిడకి నోరు లేచింది, మరిదిని వెనకేసుకొస్తోంది" అన్నారు. తమ్ముడికి కబురు పంపితే వచ్చాడు. తల నెరిసింది, ఒంటరిగాడు. "నాకు నీ మాట చాలదు వదినా, ఆయన నోటితో వినాలి" అన్నాడు. మంచం పక్కన కూర్చున్నాడు. కడిగాడు, గంజి పట్టాడు, జపమాల చెప్పాడు. ఫాదరునీ పెద్దల్నీ పిలిపించి, అందరి ముందూ "అన్నా, ఆ పట్టు నేను తీశానా?" అని అడిగాడు. మామ తల ఊగింది. అవునని ఊగిందో, కాదని ఊగిందో, పక్షవాతం తల, ఎవడికి తెలుస్తుంది? పెద్దలు మొహాలు చూసుకుని లేచిపోయారు. తమ్ముడు ఇంకొన్నాళ్లు చూశాడు. తర్వాత అన్న కాళ్లకి దండం పెట్టి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆఖరి గడియ అప్పుడైనా వచ్చిందా అంటే, అదీ లేదు. మామ ఏళ్ల తరబడి బతికాడు. గడప దగ్గర ఎవరి అడుగు వినబడినా తమ్ముడేననుకుని గుడ్లు తిప్పేవాడు, నోరు తెరిచేవాడు, బా, బా అంటూ గుక్కపట్టేవాడు. దాహమేమోనని మేం నోట్లో నీళ్లు పోసేవాళ్లం.