లాజరస్ జీపు, తొంభై నంబరు ఆయిలు

డుంబ్రిగుడ సంత దగ్గర ఈశ్వరమ్మత్త టీ కొట్టులో కూర్చున్నాను. చేతిలో రెండు ఆయిల్ డబ్బాలు. ఒకదాని మీద 15W-40 అని ఉంది, రెండోదాని మీద 20W-50. ఏదో ఒకటి ఉంచుకుని రెండోది తిరిగిచ్చెయ్యమన్నాడు షాపతను. నా భార్య గాయత్రికి నెలలు నిండాయి. ఏ తెల్లవారుజామునో నేను కొన్న పాత జీపులోనే అరకు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ మంచులో అది స్టార్టవ్వకపోతే?

ఏ ఆయిలు పొయ్యాలని, ఎదురుగా టీ తాగుతున్న లాజరస్ అన్నని అడిగాను. ఏళ్ల తరబడి సర్వీసు జీపు తోలుతున్నాడు.

"కూకో ఫల్గుణా. డబ్ల్యూ అంటే వింటరు, సలికాలం. దాని ముందంకె ఎంత సిన్నదైతే సలిలో ఆయిలు అంత బేగి పారతాది. ఎనకంకె పెద్దదైతే ఇంజను ఏడెక్కినా సిక్కగా నిలబడతాది. ఇది కంపినీవోళ్ల లెక్క. నా లెక్క ఏరు. మొన్న సలికాలం నేనేటి పోసానో తెలుసా? తొంభై."

"అది గేరుబాక్సులో పోసేది కదన్నా?"

"నలభై కన్నా తొంభై పెద్దదా, కాదా?"

"పెద్దదే."

"మరింకేటి. ఆ పొద్దుట టీ గ్లాసు మీద ఆవిరి లెగిసి లెగిసినట్టే గడ్డకట్టేసింది. ఈ ఈశ్వరమ్మత్త కూతురికి నొప్పులొచ్చాయి. తాళం తిప్పానో లేదో జీపు లేడిపిల్లలా దూకింది. ఆ తరవాత ఏటయిందో తెలుసా? ఆస్పత్రి కాడ బ్రేకేసే టైమే లేదు, దాటిపోయాం. బొర్రా కాడ రైలుని దాటేసి, గుహలో ఇటు దూరి అటేపు తేలాం."

"బొర్రా గుహకి అటేపు దారి లేదు కదా," అన్నాడు పక్కనున్న సోంబరు.

"ఆ రోజు నించే లేదు. మేం దాటాక మూసుకుపోయింది. మళ్లీ తిరిగి ఆస్పత్రికొచ్చేసరికి, ఇక్కడ బయల్దేరినప్పుడు కొట్టిన హారను మోత అప్పుడే అక్కడికి సేరతంది."

నాకు తల తిరిగిపోయింది. "ఇంతకీ సిక్కనిది ఉంచుకోవాలా, పల్సనిదా?"

"సిక్కనిదే. కాదు, పల్సనిది. అంటే సిక్కగా ఉన్న పల్సనిది."

ఈశ్వరమ్మత్త పాలగిన్నె దించి ఇటు తిరిగింది.

"లాజరూ, నా మనవరాలు నీ జీపు ఎనక సీట్లోనే పుట్టింది. జీపు మా వాకిలి దాటలేదు. ఆయిలు పనసపాలలా బిగుసుకుపోయింది. నువ్వు తాళం తిప్పతానే ఉన్నావు, బ్యాటరీ సచ్చిపోయింది. ఆ సలిలో దుప్పటి అడ్డం కట్టి బొడ్డు నేనే కోసాను."



"గుంట బాగానే ఉంది కదత్తా," అన్నాడు లాజరస్ మెల్లిగా.

"బాగుంది. అది దేవుడి దయ, నీ ఆయిలు దయ కాదు." తర్వాత నన్నడిగింది, "నీ జీపు బుక్కులో ఏటి రాసుందిరా?"

"15W-40."

"మరింక ఈడినేటి అడగతన్నావు?"

రెండో డబ్బా తిరిగిచ్చెయ్యడానికి లేచాను. లాజరస్ అన్న కూడా లేచాడు.

"పాత ఆయిలు పూర్తిగా దింపాలి, ఫిల్టరూ మార్చాలి. పద, స్పానర్లు నేనట్టుకొస్తాను," అన్నాడు.