రాకెట్టుకు బొట్టు

శ్రీహరికోటలో ఉద్యోగానికి బయలుదేరుతున్న మనవరాలి సంచిలో అవ్వ పసుపు కొమ్ములు సర్దుతోంది.

"గివెందుకవ్వా?"

"నూరి మీ రాకెట్టుకు బొట్టు పెట్టు బిడ్డా."

"నవ్వుతరే! సర్కారు పైసలు మొగులుకు తగలేస్తుండ్రు, గా కొలువొద్దని బాపు తిడుతుండు. నువ్వేమో బొట్టంటున్నవ్."

"మీ బాపుకేం ఎరుక? మొన్న వానొస్తదని ముందే ఫోన్ల చెప్పిండ్రు. ఉడకబెట్టి ఆరబోసిన పసుపంతా కప్పుకున్నం. గది ఉపగ్రహం సూసి చెప్తదట, పేపర్ల చదివిన. గా పుణ్యాత్ములకు రోజూ మొక్కుతున్న."

"పసుపు బతికిందనా?"

"పసుపొక్కటే కాదు. గప్పుడు వరదొస్తదని చెప్పేటోళ్లుంటే పోనిస్తుంటినా? మీ తాత పంతొమ్మిదొందల ఎనభైమూడు శ్రావణంల పడవెక్కి మంజీర దాటవోయిండు. మళ్లా రాలె."