నీలం వదలని అద్దం

బుజ్జిదాని గది. కిటికీ అద్దం నీలంగా ఉంది. దాని ముందు స్టూలెక్కి ఆయన, ఉయ్యాల పక్కన ఆవిడ.

"మెల్లగా నొక్కండీ, బుజ్జిది లేస్తుంది."

"మెల్లగానే నొక్కుతున్నా. స్విచ్చి నొక్కితే నీలం పోయి తేటపడాలి కదా? ఉలుకూ పలుకూ లేదు!"

"దానికీ నిద్రొచ్చిందేమో."

"నీకు నవ్వులాటగా ఉంది. ఇంకాసేపట్లో మా పెద్దసారు వచ్చేస్తాడు."

"ఇక్కడికా? అయ్యో, ఇల్లు చూడండి ఎలా ఉందో! ముందే చెప్పొద్దూ?"

"ఆయనొచ్చేది ఇల్లు చూడ్డానికి కాదే, ఈ అద్దం చూడ్డానికి. రెండు పలకల మధ్య ఉన్న జిగురు నేను చేసిందే. ఒకసారి నీలమెక్కాక కరెంటు తీసేసినా రోజంతా నిలవాలంటాడు. ఇంతకుముందు చేసినవన్నీ గంటకల్లా వెలిసిపోయాయి. ఇదీ పోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. దీని బ్యాటరీ సెల్లు తీసి చూసే ధైర్యం నాకింకా రాలేదు."

"ఆ జిగురు... బుజ్జిది నాకితేనో?"

"పలకల మధ్య ఉన్నదాన్ని ఎలా నాకుతుందే?"

"మీ కూతురి సంగతి మీకు తెలీదు. నిన్న కిటికీ పట్టుకుని నిలబడి, అందినంత మేరా నాకేసింది."

"నాకనీ. తుడిచే పని తప్పుతుంది."

"మరి కరెంటో?"

"టీవీ రిమోట్లో ఉండే సెల్లే అది! వందసార్లు చెప్పా."

"చెప్పారు. తొమ్మిదితో చదువాపేసినదాన్ని, నా భయం నాది."

"సరే, జరుగు. లోపల జిగురు ఎండిపోయినట్టుంది. ఊడదీస్తా. స్క్రూడ్రైవరందుకో."

"ఊడదీయడమెందుకూ... కాసేపాగండి."

"ఆగితే?"

"టీ పెడతా."

"స్క్రూడ్రైవర్!"

"తిట్టనంటే ఒకటి చెప్తా."

"ఏం చేశావే?"

"ముందు తిట్టననండి."

"తిట్టను తల్లీ, చెప్పు."

"ఆ సెల్లు... ఉప్పు డబ్బా వెనకుంది."

"తీసేశావా! అందుకా తేటపడనిది! హమ్మయ్య, చచ్చి బతికా... ఉండుండు. ఎప్పుడు తీశావ్? ఇందాకేనా?"

"ఇందాకేమిటి? నిన్న పొద్దున మీరటు గడప దాటారో లేదో..."

"నిన్నా? మరి నిన్నట్నుంచీ ఈ నీలం..."

"ఇలాగే ఉంది. వెలిస్తే దొరికిపోతానని నిన్నంతా దాన్నే చూస్తూ కూర్చున్నా... అయ్యో, నన్నెత్తుతారేంటి, దించండి! సెల్లు తెచ్చిస్తా."

"తేకు! ముట్టుకోకు! సారునే వంటింట్లోకి తీసుకెళ్ళి, ఉప్పు డబ్బా వెనక చూడమంటా."

"వంటింట్లోకా! నా అంట్లు!"