ప్రొఫెసరమ్మ అనని మాట

ప్రార్థన మందిరం పక్క హాల్లో ముసలి పాస్టరుగారు నిన్నటి సభ కుర్చీల వరసలు సరిచేస్తున్నారు. ఆయన మేనల్లుడూ అల్లుడూ ఒకడే. కోర్టులో దుబాసీ. దూరదేశం నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ క్రీస్తు బోధను ఊరూరా చాటిన అపొస్తలుడి పేరున ఉన్న పత్రికల, అంటే ఉత్తరాల మీద చేసిన ప్రసంగాన్ని నిన్న సభకు అనువదించి చెప్పింది అతనే. పొద్దున్నే వచ్చి, గుమ్మంలో నిలబడే మొదలుపెట్టాడు.

“అది కాదు మామయ్యా, ముందు నేను చెప్పేది వినండి.”

“వింటూనే ఉన్నాను. ఆ చివర పట్టుకో, వరస వంకరపోయింది.”

“కుర్చీలు తర్వాత సర్దుకోవచ్చు.”

“సాయంత్రం మళ్ళీ సభ పెట్టుకుని ఇంకెప్పుడు సర్దుతాం? ప్రొఫెసరమ్మ లేచిందా?”

“లేచింది. మీ అమ్మాయితో కూర్చుని కాఫీ తాగుతోంది. ఆవిడ మొహం చూడలేకే ఇలా వచ్చేశాను.”

“ఏం? సభ బాగానే జరిగింది కదా.”

“బాగా జరిగింది. అదే వచ్చిన చిక్కు. పొద్దున ఆవిడ నాతో ఏమందో తెలుసా? ఈ సంగతి ఎన్నో ఊళ్ళలో చెప్పిందట. చాలాచోట్ల జనం మధ్యలో లేచి వెళ్ళిపోయారట. తను పుట్టి పెరిగిన సంఘం వాళ్ళయితే ఇంక మా గుమ్మం తొక్కొద్దన్నారట. చెప్పింది విని చప్పట్లు కొట్టింది ఇక్కడేనట, మొదటిసారి. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది మామయ్యా. వాళ్ళ అన్నయ్యకి ఫోన్ చేసి కూడా చెప్పుకుందట.”

“చెప్పుకోనీ. దానికేం?”

“ఆవిడ చెప్పింది వేరు. నేను చెప్పింది వేరు.”

“ఈ కుర్చీ కాలు ఊగుతోంది. పక్కన పెట్టు.”

“మామయ్యా, వినపడిందా?”

“వినపడింది. అనువాదమన్నాక మాటకి మాట కుదరదు. కాస్త అటూ ఇటూ అవుతుంది.”

“అటూ ఇటూ కాదు, తలకిందులు చేశాను. అపొస్తలుడు చెరసాలలో కూర్చుని రాశాడని మనం చదువుకునే ఆఖరి పత్రిక ఉంది చూడండి. అది ఆయన రాయలేదు అందావిడ. ఆయన పోయి ఒక తరం గడిచాక, ఎవరో శిష్యుడు గురువు పేరు పెట్టి రాశాడు అంది. నేనేమో ఆయనే రాశాడు, పోయేముందు రాశాడు అని చెప్పాను. ఆవిడ కారణాలు చూపించింది. ఆ కారణాలే పట్టుకుని నేను ఆయనే రాశాడనడానికి వాడేశాను.”

“ఎలా వాడావు?”

“ఆ పత్రికలో మాటల తీరు ఆయన మిగతా పత్రికల్లా లేదు అందా? వయసు మళ్ళేసరికి ఆయన మాట మెత్తబడింది అన్నాను. సంఘ పెద్దల ఏర్పాటు అంత కుదురుగా ఉండాలంటే ఇంకో తరం పట్టి ఉంటుంది అందా? ఆయన ముందుచూపు అలాంటిది అన్నాను. పైగా గొంతు పెంచి మరీ చెప్పాను.”

“ఊఁ.”

“ఇంతలో మన టైలరు లేచాడు. అయితే అపొస్తలుడు దాన్ని ఏ సంవత్సరంలో రాశాడండీ అని అడిగాడు. ఆ ప్రశ్న ఆవిడకెలా చెప్పను? చెరసాలలో వెలుతురు ఉండేదా అని అడుగుతున్నాడన్నాను. పాపం ఆవిడ కిటికీల గురించీ దీపాల గురించీ ఎంత ఓపిగ్గా చెప్పిందో. అదంతా విని, ఇటు తిరిగి, నేను ఒక సంవత్సరం చెప్పాను. టైలరు తల ఊపి కూర్చున్నాడు.”

“ఒకటి కప్పెట్టడానికి ఇంకొకటి.”

“కోర్టులో ఇన్నేళ్ళుగా సాక్షి నోటి మాట పొల్లుపోనివ్వలేదు. ముద్దాయి బూతులు తిట్టినా ఉన్నదున్నట్టు జడ్జిగారికి అప్పజెప్పినవాణ్ణి. ప్రార్థన చేసుకునే చోట నిలబడి మాత్రం ఇలా...”

“ఎందుకు చేశావురా?”

“ముందు వరసలో మీరు కూర్చున్నారు. అత్తయ్య పోయినప్పుడు సమాధి దగ్గర మీరు చదివింది ఆ పత్రికే. సగం చదివి, మిగతాది నువ్వు చదవమని పుస్తకం నా చేతికిచ్చారు. అది రాసింది ఆయన కాదని మీ మొహం మీద ఎలా చెప్పను? నోరు దానంతటదే తిరిగిపోయింది.”

“పోయిన మనిషిని నీ అబద్ధానికి సాక్ష్యం పిలవకు.”

“సాకు చెప్పడం లేదు మామయ్యా.”

“సాకే. ఆ పత్రిక ఎవరు రాసినా, మీ అత్తయ్య దగ్గర నేను చదివింది ఎక్కడికీ పోదు. దానికి నువ్వు కాపలా కాయక్కర్లేదు.”

“అంటే, ఆవిడ చెప్పింది నిజమేనంటారా?”

“అనను. ఎందుకంటాను? పక్కన కూర్చుని రాసిపెట్టేవాడు మారితే మాటల తీరు మారదా? ముసలాయన సంగతి చెప్పి, మాటలు నువ్వు చూసుకో నాయనా అని ఉండొచ్చు కదా. పెద్దల ఏర్పాటు మొదట్లో లేదని ఎవరు చూశారు? ఇక ఆ పత్రికకీ ఆయన ప్రయాణాలకీ లెక్క కుదరడం లేదంటావా, మనకు తెలియని ప్రయాణం ఇంకొకటి చేసి ఉండకూడదా?”

“ప్రయాణాలా? ప్రయాణాల సంగతి నేను సభలో ఎత్తనే లేదే.”

పాస్టరుగారు వంగి ఇంకో కుర్చీ అందుకున్నారు.

“ఆవిడ చెప్పింది. నేను మింగేశాను. మీకెలా తెలుసు మామయ్యా?”

“అది ఇలా జరుపు.”

“మీకు ఆ భాష చదవడం వరకే వచ్చనుకున్నాను.”

“మాట్లాడాలంటే నోరు తిరగదు. నెమ్మదిగా చెబితే తెలుస్తుంది. ఆవిడ నెమ్మదిగానే చెప్పింది.”

“అయితే నిన్న నేను... మొదటి ముక్క నుంచీ...”

“మొదటి ముక్క నుంచీ.”

“మరి ఆపలేదేం? ఒరేయ్, తప్పు చెబుతున్నావని అక్కడే ఒక్క మాటంటే సరిపోయేది కదా. మీకు తెలిస్తే ఏమైపోతారోనని నేను రాత్రంతా కునుకు లేకుండా...”

“లేద్దామనే కూర్చున్నాను. అసలు ఆవిణ్ణి పిలిపించింది నేను. మన పెద్దలు వద్దంటే పోట్లాడి పిలిపించాను. ఆవిడొక కారణం చెబితే నేనొక జవాబు చెప్పాలి, జనం రెండూ విని ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి అనుకున్నాను. ఇప్పుడు నీకు అప్పజెప్పానే, అవే ఆ జవాబులు. అద్దం ముందు నిలబడి మరీ చెప్పుకున్నాను.”

“మరి లేచి చెప్పాల్సింది. ఎందుకు లేవలేదు?”

“ఆఖర్న ఆవిడ ఇంకొకటి చెప్పింది, గుర్తుందా? అపొస్తలుడి పత్రికల్ని ఒకచోట చేర్చినవాళ్ళలో మనకు తెలిసిన మొదటివాడి దగ్గర ఇది లేదు అంది.”

“గుర్తుంది. దాన్నీ మింగేశాను.”

“దానికి నా దగ్గర జవాబు లేదు. వెతికితే దొరుకుతుందేమో, నాకప్పుడు తట్టలేదు. ఇది కూడా వీడు చెప్పేస్తే ఇంతమంది ముందు నేనేం మాట్లాడాలని నీ నోటివంకే చూస్తూ కూర్చున్నాను. నువ్వు దాన్ని దాటేసి, కాబట్టి ఆయనే రాశాడని రుజువైంది అన్నావు. హమ్మయ్య అనిపించింది.”

“మామయ్యా, ఊరుకోండి.”

“నా ఇంటివాడు నా కళ్ళముందు అబద్ధమాడుతుంటే హమ్మయ్య అనుకున్నాను. ఇన్నాళ్ళూ జనానికి నేను నేర్పింది ఇదీ.”

“మీరు తిడతారని వచ్చాను. తిట్టినా బాగుండేది.”

“నన్నూ ఎవరైనా తిడితే బాగుండును. అది వదిలెయ్, పద.”

“ఎక్కడికి?”

“ఇంటికి, ఆవిడ దగ్గరికి. సాయంత్రం నువ్వు మళ్ళీ నిలబడి ఆవిడ మాట ఆవిడ మాటలాగే చెప్పు. నేను లేచి నాకు తెలిసింది చెబుతాను, తెలియనిది తెలియదంటాను. వింటారో, వెళ్ళిపోతారో వాళ్ళిష్టం. ముందు ఆవిడకి తెలియాలి.”

“తప్పు నాది, నేనే చెబుతాను. కాకపోతే ఆవిడ ఆ చప్పట్లు పట్టుకుని అంత మురిసిపోతుంటే, అవి మీకు కొట్టినవి కావమ్మా అని ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.”

“నువ్వు తర్వాత. ముందు నేను మన భాషలో చెబుతాను. నువ్వు కోర్టులో చెప్పినట్టు, పొల్లుపోకుండా ఆవిడకి చెప్పు.”

“మీరేం చెబుతారు?”

“ఆవిడ మాటలూ నీ మాటలూ రెండూ అర్థమై, నిన్న అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనని.”