దర్జీ ఇంటి బొంత

ఇలా ముందుకు జరిగి కూర్చోండర్రా. "నూటికి ఒకటిన్నరేగా మాస్టారూ, అదీ ఒక లెక్కేనా" అన్నదెవరు? నువ్వేనా? సరే, నీకోసమే చెప్తాను.

ఒక దర్జీ ఉండేవాడు. సూదిలోకి దారం ఎక్కించాలంటే భార్యని కేకేయాల్సిందే, కళ్ళు అలా అయిపోయాయి. ఇక కొట్టు కట్టేసి, ముప్పై ఏళ్ళుగా పింఛను ఫండులో నెలనెలా వేసిన డబ్బుతో కాలు మీద కాలేసుకు కూర్చోవాలని ఆయన ఆశ.

ఆ ఫండు సలహాదారు అప్పుడప్పుడూ కొట్టుకొచ్చేవాడు. టీ తాగేవాడు, కుశలం అడిగేవాడు, పైసా ఇమ్మని అడిగిన పాపాన పోలేదు. దర్జీకి ఆయనంటే అంత గురి మరి.

తీరా చూస్తే ఏముంది? పక్కకొట్టు గడియారాలాయన కూడా అన్నేళ్ళూ అంతే వేశాడు, అలాంటి షేర్లలోనే, వేరే ఫండులో. ఆయనకొచ్చినదాంట్లో ముప్పాతికే వచ్చింది దర్జీకి. వెళ్ళి సలహాదారుని నిలదీశాడు.

"మా రుసుము ఏటా నూటికి ఒకటిన్నరండీ. వాళ్ళది నామమాత్రం. కోత అయ్యాక మిగిలిందే మీకు చూపిస్తాం" అన్నాడు సలహాదారు, చల్లగా.

"లాభంలోనా?"

"మొత్తంలో. నష్టమొచ్చిన ఏడు కూడా."

విన్నావా, అదీ ఒక లెక్కేనా అన్నవాడా? పోయింది ఆ ఒకటిన్నరే కాదురా అబ్బాయ్. అది ఉంటే దాని మీద పెరిగేదీ, ఆ పెరిగినదాని మీద పెరిగేదీ, అన్నీ దాని వెనకే పోయాయి.

దర్జీ ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. "ఒక్కసారైనా జేబులోంచి తీసిచ్చి ఉంటే నాకు తెలిసేది కదే. అడక్కుండా కోసుకోవడమేంటి?"

ఆవిడ జాలిపడిందనుకున్నారా? ఆయన కిందున్న బొంత కాస్త పైకి లాగింది. "ఈ నీలం ముక్క డాక్టరుగారి చొక్కా గుడ్డలో మీరు మిగుల్చుకున్నది. ఈ చారలది బ్యాంకు మేనేజరుది. వాళ్ళు జేబులోంచి తీసిచ్చారా?"

"వాళ్ళ చొక్కాలు వాళ్ళకి సరిపోయాయి కదే."

"మీ పింఛనూ సరిపోతుంది లెండి. ఇంకో అయిదేళ్ళు కుట్టండి."

అంతే. డబ్బు తక్కువ రుసుము ఫండులోకి మార్పించుకుని, మర్నాడు మళ్ళీ కొట్టు తీశాడు. మొదటి బేరం ఎవరనుకున్నారు? సలహాదారే, కోటు కుట్టించుకోవడానికి. దర్జీ తాపీగా కొలతలు తీసి, "గుడ్డ చాలదండీ, ఇంకో అర మీటరు పట్రండి" అన్నాడు.

నవ్వుతారేం? ఆయన మాత్రం ఏం చేస్తాడు, బొంతకి ఒక మూల ఇంకా ఖాళీగానే ఉందిట. లేవండి, ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి.