చెవి మేస్త్రీ

కారు స్పీకర్లు బిగించే దుకాణం. డిక్కీ తెరిచిన కారు ఒకటి, ఇంజను నడుస్తూ ఉంది.

"ఇంజను ఆన్‌లోనే ఉంది, పాట ఆపేశాను. ఇప్పుడు చెప్పండి డాక్టరుగారూ, ఎక్కడ మీ కూత?"

"ఇదిగో, ఇదే. ఈ... అని, చెవిలో దోమ దూరినట్టు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా సన్నగా పైకి పోతోంది. మీకు వినిపించట్లేదా మేస్త్రీగారూ?"

"ఉంటే వినిపిస్తుంది."

"పది రోజుల్లో ఇది మూడోసారి నేను రావడం. మొదటిసారి వస్తే, కొత్త ఆంప్లిఫయర్ కదా, అలవాటైపోతుందన్నారు. రెండోసారి వస్తే పెట్రోలు బంకు మార్చమన్నారు. రెండుసార్లూ గడప కూడా దాటనివ్వలేదు. నాకు రోత పుట్టేసింది."

"రోత మాట మీరెత్తకండి. మీ సీటు కిందనుంచి వైరు లాగింది నేను. బిస్కెట్ పొడి, అంటుకుపోయిన బబుల్‌గమ్, ఎవరిదో ఒంటి సాక్సు. ఛీ. పళ్ళ డాక్టరు బండి అంటే నమ్ముతారా ఎవరైనా?"

"నేను సాక్సు గురించి రాలేదు."

"పొద్దస్తమానం ఆ డ్రిల్లు చెవి పక్కనే తిప్పుతారు. అదే మీ వెంట ఇంటికొస్తోంది, కార్లోనూ ఎక్కుతోంది. దానికి నా ఆంప్లిఫయర్ ఏం చేస్తుంది?"

"మరి మా ఆవిడకెందుకు వినిపిస్తోంది? మా అత్తగారికి డెబ్భై రెండు. వెనక సీట్లో కూర్చుని, బాబూ, డిక్కీలో కుక్కరేమైనా పెట్టారా అని అడిగింది."

"అత్తగార్లకు లేనివి కూడా వినిపిస్తాయి లెండి."

"మీటర్ పెట్టి ఒక్కసారి చూడండి. పక్క వీధిలో అందరూ..."

"వాళ్ళ పేరెత్తకండి నా దగ్గర. ఫోన్‌లో వీడియో చూస్తూ స్క్రూ తిప్పే కుర్రకుంకలు. మీటర్ ముల్లు చూసి పాట సెట్ చేస్తారట, అసహ్యం. పాట వినేది ముల్లా, చెవా? ముప్పై ఏళ్ళుగా నన్ను చెవి మేస్త్రీ అంటున్నారు. ఈ చెవి లేకపోతే నేనూ లేను, ఈ దుకాణమూ లేదు."

"మీ చెవి గొప్పదే. నా బండి కూస్తోంది."

"మీ బండికి గంటసేపు కూర్చున్నాను. గెయిన్, అదే ఆంప్లిఫయర్ జోరు పెంచే మర, ఎంతో ఓపిగ్గా తిప్పాను. మొదట్లో పాట చప్పగా ఉంది, పై స్థాయిలో ఆ మెరుపే లేదు. మెరుపు వచ్చేదాకా పెంచుకుంటూ పోయాను. అమ్మాయ్. ఆ కౌంటరు వదిలి ఇలా రా."

"వైర్లు చుడుతున్నా నాన్నా."

"వైర్లెక్కడికీ పోవు. వచ్చి విని, ఈ డాక్టరుగారికి నువ్వే చెప్పు. నా మాట ఎక్కట్లేదు."

"నేనెందుకు నాన్నా? నువ్వున్నావుగా."

"రమ్మన్నానా?"

"వచ్చా."

"ఏమైనా కూత ఉందా?"

"కొంచెం... ఏదో ఉన్నట్టుంది."

"ఉన్నట్టుంది ఏంటి, నీళ్ళు నములుతావేం? ఉందా, లేదా?"

"చెప్పమ్మా. నేను మొత్తుకునేది అదే."

"గెయిన్ ఒక్క పిసరు తగ్గిస్తే సరిపోతుందేమో నాన్నా. మరీ ఎక్కువుంటే ఇంజను రొద కూడా లాక్కుంటుంది కదా."

"గెయిన్ ముట్టుకోకు. అమ్మాయ్, ముట్టుకోకన్నానా."

"ఆగండాగండి. పోయింది. మేస్త్రీగారూ, మొత్తం పోయింది."

"ఏం పోయింది? ఇందాక ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది."

"భలేవారే. దోమను చంపినట్టు టక్కున ఆగిపోతేనూ."

"ఇద్దరూ కలిసి నాటకాలాడుతున్నారా? అమ్మాయ్, మళ్ళీ పెంచు."

"పెంచా."

"తగ్గించు."

"నాన్నా, వదిలెయ్."

"తగ్గించమన్నానా? ఆ. ఇప్పుడు లేదు. తగ్గించగానే పోయింది, నాకు తెలిసిందిగా."

"ఇంకా తగ్గించలేదు నాన్నా."

"మేస్త్రీగారూ, కాసేపు కూర్చోండి."

"నాకేం కాలేదు. మీరు డాక్టరైతే పళ్ళకి."

"అవును, పళ్ళకే. నా కుర్చీలోనూ నొప్పి లేదనేవాళ్ళే ఎక్కువ, పన్ను ఊడి చేతికొచ్చేదాకా. అమ్మా, తగ్గించి వదిలెయ్, నేను వెళ్తాను. మా ఫ్రెండొకడున్నాడు, చెవుల డాక్టరు. నంబరు నీకు పంపుతా."

"పంపండి సార్. డిక్కీ నేను వేస్తాను."

"వస్తానమ్మా. వస్తాను మేస్త్రీగారూ."

"నాన్నా, టీ తెప్పించనా?"

"టీ వద్దు, ఏం వద్దు. ఛీ. నోటికొచ్చినట్టు అన్నాను ఆయన్ని. సాక్సు, బబుల్‌గమ్. వాళ్ళత్తగారి చెవిపాటి చెయ్యదు నా చెవి."

"ఎవరికైనా వయసుతో వస్తుంది నాన్నా. నువ్వు ఆ స్పీకర్ల మధ్యే ముప్పై ఏళ్ళున్నావు."

"ఉండు, ఉండు. నా చెవే పోతే, రెండేళ్ళుగా నేను వదిలిన బండ్లన్నీ కూయాలి కదా? నెలకు ఇరవై వదులుతున్నాను. ఒక్కటైనా తిరిగొచ్చిందా? పక్క వీధి వాళ్ళకు రోజూ గొడవే, నాకు ఒక్కటైనా వచ్చిందా, చెప్పు."

"రాలేదు."

"మరి? ఈ ఒక్క బండిలోనే ఏదో ఉంది. నా చెవి బాగానే ఉంది. ఏంటి, తల దించుకుంటావేం?"

"ఏం లేదు నాన్నా."

"ఏం లేకపోతే నా మొహం చూసి చెప్పు. ఒక్కటీ ఎందుకు తిరిగి రాలేదు?"

"నువ్వు భోజనానికి వెళ్ళగానే ప్రతి బండీ నేను మళ్ళీ సెట్ చేస్తున్నా కాబట్టి. ఈ బండి బిగించిన రోజు నేను జ్వరంతో పడుకున్నాను నాన్నా."