గులాబ్ తీరం దాటేలోగా

హలో… ఆ, నేనే. మీ అప్పని. కోటబొమ్మాళి నుంచే. ఏటే మరిడీ, ఇంకా ఇంట్లోనే ఉన్నావా?

ఆ సప్పుడేటి?… రేకులా? అప్పుడే లేస్తన్నాయా?

మీ వాలంటీరు పిల్ల, అనూరాధ, ఇప్పుడే నాకు ఫోన్ సేసింది. "మీ సెల్లెలు షెల్టరుకి రానంటంది, మీరైనా సెప్పండి మామ్మా" అని. వాకిట్లో ఆటో పెట్టుకుని నిలబడ్డాదట…

నవ్వకు. నవ్వకే.

…గులాబ్ అంటే గులాబీ పువ్వే. ఎవరు కాదన్నారు? తుఫానుకి ఆ పేరు పాకిస్తానోళ్లు పెట్టినారట. దేశాలు వంతులేసుకుని పెడతాయి. పేపర్లో సదివినాను.

…ఆ, సదువుతాను. శనగల పొట్లాల మీద అచ్చరాలు కూడబలుక్కున్నదాన్నే. ఎక్కిరించు, పర్లేదు. కానీ విను. అది పారసీ మాట. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్లు. ముందు పన్నీటికే ఆ పేరు. తరవాతెప్పుడో పన్నీరు తీసిన పువ్వుకి అంటుకున్నాది. ఎన్ని ఊళ్లు దాటిందో, ఎన్ని నోళ్లు దాటిందో, మన దొడ్లోకొచ్చేసరికి గులాబీ అయ్యింది…

ఏటీ?… పెళ్లిలో జల్లుతారా? జల్లుతారు. నీ పెళ్లిలోనూ జల్లినారు. ఇప్పుడా ఆ మాట?

ఒసే, మూడేళ్ల కిందటి తుఫాను తిత్లీ అంటే ఏటో మర్సిపోయినావా? సీతాకోకచిలుక. అదీ ఇలాంటి ముద్దు పేరే. మన తమ్ముడు ఏటన్నాడు? జీడితోటలో పాక కాడ నుంచి ఫోన్ సేసి, "సీతాకోకచిలుక నన్నేటి సేస్తాది అప్పా" అని నీలాగే నవ్వినాడు. ఆ నవ్వు మధ్యలోనే లైను తెగిపోయింది. తెల్లారి పనసచెట్టు కింద నుంచి తీసినారు గంగుల్ని.

…

ఏడవకు. ఏడిపిద్దామని అన్లేదు. పేరుకేటి తెలుస్తాదే గాలి సంగతి? ఎక్కడో బల్ల సుట్టూ కూకుని పెట్టినోళ్లకి నీ రేకులిల్లు తెలుసా?

నిజం సెప్పు. నువ్వు కదలనిది పువ్వు పేరు సూసి కాదు కదూ?

…గేదా!

…సూడి గేదె. రేపో మాపో ఈనుతాదా… షెల్టరులోకి గొడ్లని రానీరు, తెలుసు. అందుకనా, దాని పక్కన కూకుంటావా?

విను మరిడీ. మన అయ్య ఏటి సేసేవోడు? తుఫానంటే ముందు పలుపులు ఇప్పేసేవోడు. కట్టేసిన గొడ్డు ఉన్నకాడే మునిగిపోతాది. ఇప్పిన గొడ్డు మిట్ట ఎతుక్కుంటాది.

…పోతాదేమో. పోదని నేను సెప్పలేను. కట్టేస్తే మాత్రం ఉంటాదా? ఇద్దరూ పోతారు. నేనిక్కడ ఎవరికి ఫోన్ సేసుకోవాల?

లే. ఫోన్ పెట్టేయకు, స్పీకరెట్టి రొంటిలో దోపుకో. ఎల్లు.

…

…ముడి బిగుసుకుపోయిందా? తడిసిపోయుంటాది. కత్తిపీట తే. కొయ్యి… అరుస్తంది, ఇంటన్నాను. అరవనీ. కొయ్యవే…

తెగిందా?

…ఎటు పోయింది?… తాటితోపు మిట్టకా? మంచిది. దానికున్న తెలివి నీకు లేదు.

…ఎనక్కి సూస్తందా? నువ్వు సూడకు. నడు.

…ఆటో ఎల్లిపోయిందా! అయ్యో… పిల్ల ఉందా? ఉన్నాదా? సెయ్యి పట్టుకో. గట్టిగా. నడిసే పోండి, వీధి సివరే కదా.

మాటాడుతూ నడు. ఏదో ఒకటి… ఎవరి దొడ్లో ఏ పువ్వుందో సెప్పు. సెప్పవే, పిచ్చి అనుకుంటే అనుకో.

…మందారం. ఎవరిది? తవిటమ్మదా. ఊ.

…నందివర్ధనం. ఊ.

…గన్నేరు. ఇరిగిపోయిందా? పోనీ. తరవాత?

…

తరవాత?… మరిడీ…

హలో? హలో… సెల్లీ!

…ఆ! ఉన్నావా… పడ్డావా? దెబ్బేటైనా?… మోకాలేనా. లే. లెగు తల్లీ. షెల్టరు మెట్లెన్ని ఉంటే అన్నీ ఎక్కు. అనూరాధా, అమ్మా, దాన్ని వదలకు…

…లోపలికొచ్చినారా?… తలుపేసినారా?

…అమ్మయ్య.

…సద్దు తగ్గింది, ఇప్పుడు బాగా ఇనిపిస్తంది. ఏటి పెట్టినారు? పులిహోరా? ఉప్పు సాల్లేదా! సరే, పేర్లు పెట్టింది సాలు, తిను.

…గేదె సంగతి రేపు సూద్దాం. నేనూ వస్తాను. ఇద్దరం ఎతుకుదాం.

…ఊ. చార్జింగు అయిపోతందా? అయితే పెట్టేయి. …లేదు, నేను పెట్టను. నువ్వు పెట్టు. …నువ్వేనే. …ఏటీ లేదు, ఊరికే. లైను దానంతటది తెగకుండా, నువ్వు పెడితే ఇనాలని. పెట్టు.

…

పెట్టేసింది. తనే పెట్టేసింది.